జాహ్నవి బెర్రీ సీరం

నా గొంతు నేనే బస్సులో విన్నాను.

జూన్ నెల చివరి వారం. నంద్యాలలో టీచర్ల శిక్షణ ముగించుకుని ఆళ్లగడ్డకు తిరిగి వస్తున్నాను. బస్సు శిరివెళ్ల దాటింది. ముందు సీట్లో ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు ఒకే ఫోన్లోకి తలలు వంచి ఏదో చూస్తున్నారు. మొదట మెత్తగా వీణ వినిపించింది. ఆ వెంటనే నేను మాట్లాడటం మొదలుపెట్టాను.

"నేరేడు గుజ్జు, శనగపిండి కలిపి నా చేత్తోనే రుద్దినా. బుగ్గల మీద, ముక్కు మీద, నుదుటి మీద. నీళ్లు పోసి కడిగితే ముఖం ఎంత తేటగా ఉండెనో! ఒక్క మచ్చ లేదు. చిన్నప్పుడు ఎట్లుండెనో అట్లే ఉండె నా బిడ్డ."

వీణ కొంచెం పెరిగింది. తరువాత మా చెల్లెలు గాయత్రి గొంతు వచ్చింది. "ఒక తల్లి మాట. ఒక సైన్సు టీచరు మాట. ఆళ్లగడ్డ ప్రమీల టీచర్ చెప్పిన నిజం. జాహ్నవి బెర్రీ సీరం. నూరు శాతం మొక్కల నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్."

"ఏమ్మే, నిజంగా పోతాయంటావా మచ్చలు?" అంది కిటికీ పక్క పిల్ల.

"వింటివి గదా, టీచరంట. ఆ యమ్మ ఎందుకు అబద్ధం చెప్తాది?"

"మా లెక్కల సారు లెక్కలు సులభం అని రోజూ చెప్తాండాడు. నమ్ముతివా?"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. "ఇంగోసారి పెట్టు, పేరు రాసుకుంటా" అంది మొదటి పిల్ల. మళ్ళీ పెట్టారు. మళ్ళీ నేను మాట్లాడాను.

ఆ మాటలు ఎప్పుడన్నానో నాకు బాగా తెలుసు. పోయిన ఏడు ఆషాఢంలో, మా జాహ్నవి కర్మకాండ అంతా అయిపోయాక గాయత్రి నంద్యాలకు వెళ్ళిపోయింది. నేను ఫోన్ ఎత్తడం మానేశాను. "ఏదో ఒకటి మాట్లాడక్కా. తిట్టాలనుంటే తిట్టు. గొంతు వినిపించు చాలు" అని రోజూ మెసేజీ పెట్టేది. ఒక మధ్యాహ్నం, ఎదురుగా మనిషి లేకపోతేనే మాట్లాడగలనేమో అనిపించింది. వాట్సాప్‌లో ఆ మైకు బొమ్మను నొక్కి పట్టుకుని మాట్లాడాను. నా కూతురి గురించి నోరు తెరిచింది ఆ ఒక్కసారే.

చెప్పింది స్నానం గురించి. అది మేము దానికి చేయించిన చివరి స్నానం.

జాహ్నవికి లూపస్ అనే జబ్బు వచ్చింది. ముక్కు మీదుగా రెండు బుగ్గల మీదికీ, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఎర్రటి దద్దు. ఇంటర్ చదివే పిల్ల, అద్దం చూడటం మానేసింది. మందులు మందులే. వాటితో పాటు, నేరేడు కాలంలో నేను పండ్ల గుజ్జు తీసి శనగపిండిలో కలిపి దాని ముఖానికి రాసేదాన్ని. దానివల్ల జబ్బు తగ్గదని నాకు తెలుసు, దానికీ తెలుసు. చల్లగా ఉంటుందనేది. అమ్మ చెయ్యి ముఖం మీద ఉంటుంది, అంతే. హైదరాబాదు ఆసుపత్రి నుంచి రేపు పంపిస్తామన్నారంటే ఇల్లు సర్దడానికి నేను ముందే వచ్చి, గుజ్జు కూడా నూరి గిన్నెలో పెట్టుకున్నాను. మరుసటి రోజు దాన్ని తీసుకొచ్చారు. పెండ్లి కాని పిల్ల, పసుపు పూసి పంపాలని పెద్దవాళ్ళన్నారు. నేను ఆ గిన్నె విడవలేదు. "పోనీండి పెద్దమ్మా, వాళ్ళమ్మ ఇష్టం" అని అడ్డం నిలబడింది గాయత్రి. నేను రుద్దాను. గాయత్రి చెంబుతో నీళ్లు పోసింది.

బస్సు దిగేటప్పుడు ఆ పిల్లలకు నా ముఖం కనబడకుండా కొంగు కప్పుకున్నాను.

పేరు అడిగినప్పుడు ఇచ్చింది నేనే. పోయిన చలికాలంలో గాయత్రి వచ్చి నా పక్కన కూర్చుని, "నేరేడుతో ఒక సీరం చేస్తాండా అక్కా. కొంతమంది ఆడపిల్లలకు పని దొరుకుతాది. జానూ పేరు పెట్టుకుంటా, దాని పేరు నలుగురి నోట ఉంటాది" అని అడిగింది. సరే అన్నాను. ఆ పేరు ఎవరో ఒకరు పిలుస్తూ ఉండాలని నాకూ ఉండింది.

మరుసటి రోజు ఆదివారం. పొద్దున్నే మళ్ళీ నంద్యాల బస్సెక్కాను.

సంజీవనగర్‌లో గాయత్రి అద్దెకు తీసుకున్న ఇంట్లో గడప దాటకముందే నేరేడు వాసన తగిలింది, పులుపూ వగరూ కలిసిన వాసన. ఇద్దరు అమ్మాయిలు చేతులకు తొడుగులు వేసుకుని స్టీలు బేసిన్లలో పండ్లు పిసుకుతున్నారు. గోడవారగా గాజు జాడీల్లో గుజ్జు గ్లిజరిన్‌లో నానుతోంది. వేలాడదీసిన పలుచటి గుడ్డలోంచి ఊదారంగు రసం చుక్క చుక్కగా కింది గిన్నెలోకి దిగుతోంది. సీసాలకు అంటించే కాగితాల మీద మాత్రం నేరేడు పండు లేదు. ఏదో చలిదేశపు పండు, చిన్న చిన్న పూసలు గుత్తిగా అతికించినట్టు ఉంది.

"ఇదేం పండమ్మా?" అని అడిగాను.

"బ్లాక్‌బెర్రీ మేడం," అంది ఒక అమ్మాయి. "సీసా మీద నేరేడు బొమ్మ ఉంటే ఎవురూ కొనరంట. నేరేడయితే చెట్టు కింద ఊరకనే దొరుకుతాది గదా అంటారంట."

లోపలి నుంచి గాయత్రి వచ్చింది. "అక్కా! చెప్పకుండా వచ్చినావే! ఆగాగు, ఆడ కాలు పెట్టాకు, రంగు అంటితే పోదు."

"నా మాటలు యాడ కోసినావు?" అన్నాను.

ఆమె నవ్వు అట్లాగే ముఖం మీద నిలబడింది. తీసెయ్యడం మరిచిపోయినట్టు.

"కోయలేదక్కా."

"కోయకుండా అట్ల ఎట్ల వస్తాది?"

"కోయలేదంటి గదా. ఉండు, నువ్వే విను."

ఫోన్లో వెతికి, ఏడాది కిందటి నా మెసేజీ పెట్టింది. మొదటి నుంచి చివరి దాకా నిలబడే విన్నాను. గిన్నె గురించి చెప్పాను. గుజ్జు ఎట్లా నూరానో చెప్పాను. స్నానం అన్నానే కాని చివరి స్నానం అనలేదు. ముఖం తేటపడిందని చెప్పి, చాలాసేపు ఊరకే ఉండి, "అంతే గాయత్రీ, ఇంగ పెడతా" అన్నాను. ఎక్కడా ఆ మాట లేదు.

మా వైపు పోయిన పిల్లల విషయంలో ఆ మాట నోట పలకరు. పరామర్శకు వచ్చినవాళ్ళు కూడా "ఇట్లయిపాయనే" అంటారు, అంతకుమించి అనరు. తల్లి అసలు అనదు. అనవలసిన పని కూడా ఉండదు, వినేవాళ్ళందరికీ తెలిసే ఉంటుంది. నేను మాట్లాడింది నీళ్లు పోసిన మనిషితో. ఆమెకు ఏం చెప్పాలి?

"చూడు," అంది గాయత్రి. "నువ్వేం చెప్పినావో అదే పెట్టినా. ఒక్క ముక్క కలపలే, ఒక్క ముక్క తీయలే."

"నీళ్లు పోసింది నువ్వు."

బేసిన్ల దగ్గర పిసుకుతున్న చప్పుడు ఆగింది. గాయత్రి అటు చూసి, "మీరు పైకి పోయి గింజలు ఎండనేయండమ్మా" అంది. వాళ్ళు మెట్లెక్కేదాకా ఆగి, "నేనే పోసినా," అంది. "అందుకే చెప్తాండా. ఆ ముఖం నేనూ చూసినా గదక్కా. ఎంత తేటగా ఉండె! అబద్ధమా అది?"

"ఎవురన్నా అడిగితే ఏం చెప్తాండావు?"

"ఏమని అడిగితే?"

"పాప ఎట్లుందని."

గాయత్రి చేతులు కొంగుకు తుడుచుకుంది. పొడి చేతులే.

"బాగుందని చెప్తా," అంది. "రోజుకు ఎంతమంది అడుగుతారో నీకు తెలీదు. మీ అక్క కూతురు ఏం చేస్తాంది అంటారు. డిగ్రీ చదువుతాందని చెప్తా. చెప్తాంటే నాకెంత హాయిగా ఉంటాదో తెలుసా అక్కా? ఆ కాసేపు అది యాడనో హాస్టల్లో ఉన్నట్టే ఉంటాది. నీకు మాత్రం ఉండదా?"

నేను ఆ ఫోన్ వైపు వేలు చూపించాను.

"తీసెయ్యి," అన్నాను.

"తీసేస్తా. ఈ కాలం ఒక్కటి పోనీ. నేరేడు ఉండేదే నెలన్నర. టైలరింగ్ షాపు మూతపడినంక నేను తలెత్తుకొని నడుస్తాండేది ఇప్పుడే అక్కా. పైన ఉన్నారే ఆ పిల్లోల్లు, వాళ్ళ నోట్లో మన్ను కొట్టాకు." తరువాత, ఏమీ జరగనట్టు, "కూర్చో, రాగిసంగటి చేస్తాండా. ఇంత తినిపోదువు" అంది.

తినకుండానే వచ్చేశాను. అక్కచెల్లెళ్ళ మధ్య అది చిన్న సంగతి కాదు. గాయత్రి గడప దాకా వచ్చి నిలబడింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన కరుణాకర్ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నంద్యాలలో రైసుమిల్లులో ఆయన గుమాస్తా. ఆదివారాలు ఇంటిపట్టునే ఉంటాడు. మేము ఆళ్లగడ్డకు వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. కొలిమిగుండ్లలో జాహ్నవిని ఎత్తుకుని తిరిగిన వీధుల్లో ఇంక ఉండలేక బదిలీ అడిగాను. ఇక్కడ మమ్మల్ని ఎవరూ ఎరగరు. పిల్లలెంతమంది అని స్టాఫ్‌రూంలో అడిగితే, "ఒక కూతురు" అని పుస్తకం తెరిచేదాన్ని.

బస్సులో విన్నది, గాయత్రి అన్నది, అంతా చెప్పాను. ఆయన చెప్పు కాలితో నేల మీద గీస్తూ విన్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"అది. మిల్లులో లారీ డ్రైవరు వినిపించినాడు. స్కూళ్లు తెరవకముందే."

"నాతో చెప్పలేదే?"

"చెప్తే తీసెయ్యమంటావు." చెప్పుతో ఆ గీత చెరిపాడు. "అందులో అది బాగుందని చెప్తాండావు ప్రమీలా. నీ గొంతుతో. మధ్యాహ్నం క్యారియర్ తిన్నాక ఒకసారి పెట్టుకుంటా. నాకు బాగుంటాది."

హైదరాబాదులో ఆ పూట దాని పక్కన ఉన్నది ఆయనొక్కడే. ఆ సంగతి నాకు గుర్తుంది కాబట్టి ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి బియ్యం కడిగాను. ఇద్దరికీ వడ్డించాను. కాని ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నేను ఒక్కదాన్నే అయ్యాను.

ఆ పైవారం తొలకరి ఒక జల్లు కురిసి, మళ్ళీ ఎండ కాసింది. పొద్దున ప్రార్థనలో తొమ్మిదో తరగతి వరసలో ఒక పిల్ల వరస విడిచి గోడ నీడలో నిలబడుతోంది. ముఖం చుట్టూ చున్నీ. పీ.ఈ.టీ. సారు "ఏయ్ సాయి ప్రియా, పెండ్లికూతురివా, వరసలోకి రా" అని అరిచాడు. పిల్లలు నవ్వారు. ఆమె వచ్చి ఎండలో నిలబడింది, కళ్ళు మూసుకుని.

ప్రార్థన అయ్యాక ల్యాబ్‌లోకి పిలిచాను.

"చున్నీ తియ్యమ్మా."

తీసింది. ముక్కు మీదుగా రెండు బుగ్గల మీదికీ.

"ఎండలోకి పోతే మంటగా ఉంటాదా?"

"అవును టీచర్."

"పొద్దున లేస్తూనే వేళ్ళు బిగుసుకుపోతాయా? పిడికిలి పట్టలేవు?"

"అవును టీచర్. మీకెట్ల తెలుసు?" అని, జవాబు తనకే దొరికినట్టు నవ్వింది. "మీ పాపకు గూడా ఇట్లనే ఉండె గదా. మేమూ మీ సీరమే రాస్తాండాం టీచర్. మాయమ్మ రోజూ మీ మాటలు పెట్టి వినిపిస్తాది. ఆ యక్కకు తగ్గింది గదా, నీకూ తగ్గుతాది, ఏడవాకు అని."

అలాంటి నమ్మకంతో నన్ను ఎవరైనా చూసి చాలా కాలమయింది.

సాయి ప్రియ తల్లి ఏసమ్మ బస్టాండు బయట పండ్లు అమ్ముతుంది. బడి వదలగానే అక్కడికి వెళ్ళాను. నేరేడు తట్ట ముందు కూర్చుని, యాపకొమ్మతో ఈగలు తోలుకుంటోంది. మంచి పండ్లు ముందు కుప్ప పోసింది. కొమ్మలు ఊపినప్పుడు రాలి నలిగిన పండ్లు వేరే తట్టలో, గోనెపట్ట కింద.

"టీచరమ్మా! రాండి రాండి. ఉప్పూ కారం చల్లిస్తా, తినండి. అహోబిలం కాయ, తేనె మాదిరి ఉంటాది."

"వద్దు ఏసమ్మా. సాయి ప్రియను డాక్టరుకు చూపించినావా?"

"చూపిస్తి. ఈడ డాక్టరు నెత్తురు తీసి చూసినాడు. కర్నూలు పెద్దాసుపత్రికి బేగా పొమ్మని చీటీ రాసిచ్చినాడు. పోదామనే ఉంటి. అంతలో మీ చెల్లెలు ఈ నలిగిన పండ్ల కోసం వచ్చింది. నా దగ్గరనే గదా ఆ యమ్మ తీసుకపోయేది. పాప ఈడనే కూర్చోనుండె. చూసి, 'మా అక్క కూతురికీ ఇట్లనే ఉండె ఏసమ్మా, మేమూ నేరేడే పూస్తిమి' అనె. సీసా ఊరకనే ఇచ్చె. మీ మాటలూ వినిపించె. ఇంగ కర్నూలెందుకులే అనుకుంటి."

గాయత్రి ఆ పిల్ల ముఖం చూసింది. చూసి, ఆ మాట అంది. ఇది నాకు అంతవరకూ తెలియదు.

"అది రాయడం ఆపెయ్యి ఏసమ్మా," అన్నాను. "రేపు పొద్దున్నే కర్నూలు పోదాం. నేనూ వస్తా."

"ఎందుకు?"

"ఈ జబ్బుకు అది పనికిరాదు."

"మీ పాపకు పనికొచ్చె గదా?"

"అందరికీ ఒకే తీరుగా పనిచేయదు."

ఏసమ్మ కొమ్మ ఊపడం ఆపలేదు కాని చూపు మారింది. "అట్లనా! మీ పాపకు పనిచేసిండేది మా పాపకు పనిచేయదా టీచరమ్మా? తోలు తోలుకూ తేడా ఉంటాదా?"

పక్కన జామకాయలమ్మే ఆమె తల తిప్పింది. "ఏందిమే, టీచరుతో ఏంది గలాటా?"

"గలాటా కాదక్కా. మా పిల్ల ముఖానికి వద్దంటాంది ఈయమ్మ. ఆ సీసా వాళ్ళిండ్లలోకే ఉండాలనేమో."

ఆమె ఆ మాట అనడానికి నాకంటే ముందు చాలామంది కారణాలిచ్చి ఉంటారు. నాకు కోపం రాలేదు. మంచిమాటలు ఇంకొన్ని చెప్పి చూడవచ్చు. డాక్టరు పేరు చెప్పవచ్చు. సైన్సు చెప్పవచ్చు. ఏది చెప్పినా ఆమె ఇంటికి వెళ్ళి నా గొంతే మళ్ళీ పెట్టుకుని వింటుంది. నేను ఎదురుగా నిలబడి చెప్పేదానికంటే ఫోన్లో చెప్పిందే ఆమెకు నిజం. దాని మీద గెలిచే మాట నా దగ్గర ఒక్కటే ఉంది.

"జాహ్నవి చచ్చిపోయింది ఏసమ్మా."

చనిపోయింది అని పాఠం చెప్పేటప్పుడు అనే మాట రాలేదు. వీధిలో అనే మాటే వచ్చింది.

యాపకొమ్మ ఆగింది. ఈగలు పండ్ల మీద వాలాయి.

"యెప్పుడు?"

"పోయిన ఏడు, ఈ నెల్లోనే. ఇదే జబ్బు."

"మరి... ముఖం తేటపడిందంటిరి?"

"అది ఎత్తుకపోయే ముందు పోసిన స్నానం. నెత్తురు ఆగిపోయినాక ఎరుపు యాడ నిలుస్తాది? గుజ్జు పూస్తే పోలేదు. ప్రాణం పోయింది కాబట్టి పోయింది."

ఇదంతా నేను తరగతిలో రక్తప్రసరణ గురించి చెప్పేటప్పుడు వాడే గొంతుతోనే చెప్పాను. ఇంకో గొంతు దొరకలేదు. జామకాయలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీ చెల్లెలికి తెలుసా ఇది?" అంది ఏసమ్మ.

"నీళ్లు పోసింది ఆమే."

ఏసమ్మ నన్ను ఓదార్చలేదు. అయ్యో అనలేదు. లేచి, గోనెపట్ట తీసేసి, గాయత్రి కోసం ఉంచిన నలిగిన పండ్ల తట్టను రెండు చేతులా ఎత్తి పక్కనున్న మురికి కాలువలో బోర్లించింది. తట్ట అడుగు అరచేత్తో చరిచి, అంటుకున్నవి కూడా రాల్చింది. కాలువ నీళ్లు ఊదారంగుకు తిరిగి కదిలిపోయాయి.

"పొద్దున ఏ బస్సుకు పోదాం?" అంది.

కర్నూలులో పరీక్షలన్నీ చేశారు. మూత్రపిండాల దాకా పోలేదని, ఇంకొంత ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని అన్నారు. జన్మంతా మందులు వాడాలి, ఎండ తగలకూడదు. ఏసమ్మ డాక్టరు చెప్పిన ప్రతి మాటా నా వైపు చూసి మళ్ళీ అడిగి నిజం చేసుకుంది. సాయి ప్రియ మాత్రం నా వైపు చూడలేదు. ఆ పిల్లకు తల్లి చెప్పినట్టుంది. దారి పొడుగునా ఆ యక్క, ఆ యక్క అని అడుగుతూ వస్తుందనుకున్నాను. ఒక్కసారి కూడా ఆ పేరెత్తలేదు.

ఆసుపత్రి వరండాలోంచి గాయత్రికి ఫోన్ చేశాను.

"ఏసమ్మ కూతురి ముఖం చూసినావా నువ్వు?"

"చూసినా."

"అదేమిటో తెలియలేదా?"

"తెలిసింది."

"తెలిసి గూడా సీసా ఇచ్చినావా?"

"డాక్టరు దగ్గరికి పోవద్దని నేను చెప్పలేదక్కా," అంది. ఈసారి గొంతు సన్నగా ఉంది. "సరేలే. తీసేస్తా. ఈ పూటే తీసేస్తా."

తీసేసింది. సాయంత్రానికి నా గొంతు అందులో లేదు. మా ఆయన వరసగా రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నం దగ్గర మాత్రం, "ఏసమ్మ కూతురు ఎట్లుంది?" అని అడిగాడు. చెప్పాను. తలాడించి, మజ్జిగ పోసుకున్నాడు.

సంవత్సరీకానికి గాయత్రి వచ్చింది. రావద్దని చెప్పలేదు నేను. విస్తరి వేశాను, వడ్డించాను. ఆమె తిని, గిన్నెలు కడిగి పెట్టి, జాహ్నవి ఉండిన రోజుల్లో లాగే నా జడ చిక్కు తీస్తానని వచ్చి వెనక కూర్చుంది. వద్దన్నాను. ఆమె లేచి ఫోటో ఉన్న గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఏడుస్తోందనుకున్నాను. ఏడవనీ, దానికీ బిడ్డే కదా అనుకున్నాను. తలుపు ఇవతల నేను గిన్నెలు సర్దుతూ, గట్టిగా చప్పుడు కాకుండా చూసుకున్నాను కూడా.

నేరేడు కాలం అయిపోవచ్చిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో తెలుగు చెప్పే గోదా మేడం వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్లు.

"ఒక్కసారి కూడా చెప్పలేదేమి మేడం మాతో? ఇంత గుండెలో పెట్టుకొని రోజూ పాఠాలు చెప్తాండారా?"

ఏమని అడగబోయాను. ఆమె ఫోన్ నా ముందు పెట్టింది.

మా ఇంట్లో గదే అది. వెనక దండ వేసిన జాహ్నవి ఫోటో. ముందు తెల్లచీరలో గాయత్రి. నిజంగానే ఏడుస్తోంది. చిన్నప్పటి నుంచి చూసిన ఏడుపు నాకు తెలియదా? దొంగ ఏడుపు కాదు.

"మా జాహ్నవి చచ్చిపోయింది," అంది గాయత్రి. "మా అక్క నోట ఆ మాట రాదు. అందుకే నేను చెప్తాండా. ఆ చివరి స్నానానికి నీళ్లు పోసింది నేనే. ప్రాణం లేదు. అయినా ఆ ముఖంలో కళ తగ్గలే. చివరి గడియ దాకా, ఆ తరువాత గూడా, మా బిడ్డ ముఖాన్ని కాపాడింది నేరేడు."

కింద జనం పెట్టిన దండాల బొమ్మలు, కన్నీళ్ళ బొమ్మలు ఒకదాని వెంట ఒకటి పైకి జరిగిపోతున్నాయి. ఎక్కడ దొరుకుతుందని కూడా అడుగుతున్నారు. గోదా మేడం ముక్కు తుడుచుకుంటూ, "ఎంత ప్రేమండీ మీ చెల్లెలికి" అంది.

ఆ మాట నా నోట రావడానికి ఏడాది పట్టింది. బస్టాండులో, పండ్ల తట్ట ముందు, పరాయి బిడ్డ కోసం అన్నాను. గాయత్రి ఎక్కడా తడబడకుండా అంది. అని, కళ్ళు తుడుచుకుని, సీసా మూత తీసింది.